మీకు తెలుసా? దొంగతనానికొచ్చి నిద్రపోయాడు!

2024 డిసెంబరు చివరి ఆదివారం రాత్రి మెదక్ జిల్లా నార్సింగిలో ఒక దొంగ పైకప్పు పెంకులు తీసి మద్యం దుకాణంలోకి దిగాడు. సీసీ కెమెరాలు పనిచేయకుండా చేశాడు, డబ్బూ పోగేశాడు. అక్కడిదాకా పనిమంతుడే. కానీ చుట్టూ సీసాలు! ఒకటి మూత తీశాక ఆగలేకపోయాడు. తెల్లారి దుకాణం తెరిచేసరికి ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాడు. పోలీసులు అతన్ని ముందుగా చేర్చింది ఆసుపత్రికి.

2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా జాడుపూడిలో ఇంకొకడు జామి ఎల్లమ్మ గుడి నగలతో గోడ కన్నంలోంచి బయటికొస్తూ ఇరుక్కుపోయాడు. చివరికి తానే సాయం కోసం అరిచాడు.

మరి ఇలాంటి దొంగల గురించి చట్టం ఏమంటోంది? 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం, దొంగిలించిన సొత్తు విలువ ₹5,000 లోపు ఉండి, దాన్ని తిరిగి ఇచ్చేస్తే, తొలిసారి దోషిగా తేలినవాడికి సామాజిక సేవే శిక్ష. బస్టాండులో చిన్నపాటి జేబుదొంగకు ఈ వెసులుబాటు దొరకవచ్చు. కప్పు విప్పి దిగినవాడికి మాత్రం కాదు. దొంగతనం కోసం రాత్రిపూట కన్నం వేస్తే 14 ఏళ్ల దాకా జైలు పడవచ్చు, మధ్యలో నిద్రపట్టినా సరే.

ఇక అరెస్టు సంగతికొస్తే, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో పోలీసులు వెంటనే అరెస్టు చేయనక్కర్లేదు. నోటీసిచ్చి స్టేషనుకు పిలవవచ్చు. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది.