మన బొమ్మల అన్న

ప్రతి నెలా మన పత్రిక అట్ట మీద కొత్త బొమ్మ చూస్తున్నారు కదా. అది గీసేది మన సోలాపూర్ అన్నే. పేరు వేయొద్దన్నాడు. అందుకే బొమ్మల అన్న అంటున్నాం.

అన్న అసలు పని చద్దర్ల డిజైన్. గళ్ల కాగితం మీద పువ్వులు, నెమళ్లు గీస్తాడు. ఆ గళ్ల లెక్కనే జకార్డు అట్టలకు బెజ్జాలు కొడతారు. బెజ్జం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. "ఒక్క గడి తప్పితే నెమలి మెడ వంకర పోతది" అంటాడు.

ఇష్టమైన తిండి: కడక్ జొన్న రొట్టె, పల్లీ చట్నీ.
ఇష్టమైన చోటు: పొద్దూకే వేళ సిద్ధేశ్వర చెరువు గట్టు.
ఇష్టమైన రోజు: నారళీ పున్నమి, మార్కండేయ స్వామి రథం కదిలే రోజు.

మరి కల ఏంటన్నా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు.

"నేను చదివింది మరాఠీ బడిల. ఇంట్ల తెలుగే గాని అక్షరాలు రావు. పత్రికల శీర్షికలన్నీ చూసి దించుడే, పువ్వు దించినట్టు. అమ్మ బీడీలు చుట్టుకుంట మన పత్రిక చదివేది. ఇప్పుడామెకు కండ్లు ఆనుతలేవు. చదివి వినిపియ్ బిడ్డా అంటది. నాకేమో రాదాయె."

ఇప్పుడు రోజూ రాత్రి గళ్ల కాగితం మీద ఒక్కో అక్షరం పెద్దగా గీస్తాడు. అమ్మ దాని మీద వేలు తిప్పి, ఏ అక్షరమో చెబుతుంది. 'ల' దాకా వచ్చారు.

పైనున్న శీర్షిక ఈసారి అన్న చదివి గీసిందే.