అంబాసిడర్‌కి కరెంటు ఫ్యాను

మే నెల మిట్టమధ్యాహ్నం. హైదరాబాద్ అమీర్‌పేట సిగ్నల్ దగ్గర పాత అంబాసిడర్ ఒకటి ఆగి ఉంది. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకుతోంది. డ్రైవరు గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఆక్సిలరేటర్ మీద కాలు వేసి ఇంజన్‌ను రయ్యిమనిపిస్తున్నాడు. పక్క బండివాడికి అది తొందరలా కనిపిస్తుంది. నిజానికి అతను ఇంజన్‌కు విసనకర్రతో విసురుతున్నాడు.

ఆ విసనకర్ర రేడియేటర్ వెనకాల, వాటర్ పంపు పుల్లీకి బిగించి ఉంటుంది. ఒకే బెల్టు పంపునూ, డైనమోనూ, ఫ్యాన్‌నూ తిప్పుతుంది. వైరు లేదు, స్విచ్చు లేదు, చెడిపోతే బెల్టే చెడిపోవాలి. చిక్కల్లా ఒక్కటే. ఆ ఫ్యాన్‌కు ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో తెలుసు గానీ, ఎంత వేడెక్కిందో తెలియదు.

అందుకే దాని పని అంతా తిరగేసి ఉంటుంది. ట్రాఫిక్‌లో బండి నిలబడ్డప్పుడు ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌కు ఫ్యానే దిక్కు. అప్పుడేమో ఇంజన్‌తో పాటు అదీ నీరసంగా తిరుగుతుంది. హైవే మీద అరవై డెబ్భై కిలోమీటర్ల వేగంలో గ్రిల్ లోంచి గాలి దానంతటదే దూసుకొస్తుంటే, అక్కర్లేని ఫ్యాను ఊళ్లకు వినిపించేలా హోరెత్తుతుంది. ఆ హోరు ఊరికే రాదు. ఫ్యాన్ వేగం రెండింతలైతే దాన్ని తిప్పే శక్తి ఎనిమిదింతలు కావాలి. మూడింతలైతే ఇరవై ఏడింతలు. ఆ శక్తంతా పెట్రోలు నుంచి రావలసిందే.

ఘాట్ రోడ్డు సంగతి మాత్రం వేరు. తిరుమల ఎక్కేటప్పుడు బండి సెకండ్ గేర్‌లో నెమ్మదిగా పోతున్నా ఇంజన్ జోరుగానే తిరుగుతుంది, దాంతో ఫ్యానూ జోరుగానే విసురుతుంది. బెల్టు ఫ్యాన్‌ను తిట్టేవాళ్లు ఈ ఒక్క మేలు మరచిపోతారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన మెకానిక్కుల్లో చాలామంది కరెంటు ఫ్యాన్‌ను దగ్గరగా చూశారు. ఆ కారులో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది. పుల్లీ పక్కకు తిరిగి ఉంటుంది, రేడియేటర్ ముందుంటుంది. బెల్టుతో ఫ్యాన్ తిప్పడం కుదరదు గనుక మోటారు పెట్టారు. నీళ్లు వేడెక్కితే తిరుగుతుంది, చల్లబడితే ఆగుతుంది. అది చూసిన పాత కార్ల వాళ్లకు ఆశ పుట్టడంలో వింతేముంది?

ఆ ఆశకు కంపెనీ ముద్ర కూడా ఉంది. 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా కోల్‌కతా పక్కన ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్‌లో, చాలా ఏళ్లపాటు నడిచింది బ్రిటన్‌కు చెందిన బీఎంసీ బి-సిరీస్ ఇంజన్, 1489 సీసీ. అదే కుటుంబంలోని 1798 సీసీ ఇంజన్ ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారులో ఉండేది. 1977 మోడల్ నుంచి ఆ ఎంజీబీకి తయారీదార్లే బెల్టు ఫ్యాను పీకేసి కరెంటు ఫ్యాను పెట్టారు. అంటే అంబాసిడర్‌కి దాయాది ఇంజనే ఈ మార్పును అరిగించుకుంది.

అరగనిది డైనమోకే. మామూలు కారు ఫ్యాను మోటారు సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడు రెట్లు. ఆ కాలపు డైనమో గట్టిగా తిరిగినా ఇచ్చేది ఇరవై ఆంపియర్ల చుట్టూనే. రాత్రిపూట హెడ్‌లైట్లకు ఏడెనిమిది, ఇగ్నిషన్‌కు మూడు నాలుగు పోతే మిగిలేది ఎంతో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా ఐడిలింగ్‌లో, అంటే సరిగ్గా ఫ్యాన్ కావలసిన వేళ, డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. గంటసేపు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఇంజన్ చల్లగానే ఉంటుంది, కానీ ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాదు. అందుకే ముందు ఆల్టర్నేటర్, తర్వాతే ఫ్యాను. ఈ వరస తప్పినవాళ్లు బండి తోసుకున్నారు.

వైరింగ్‌లో పిసినారితనం పనికిరాదు. ఫ్యాన్ కరెంటును నేరుగా చిన్న స్విచ్చు గుండా పంపితే స్విచ్చు కరుగుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే మీదుగా లావు వైరుతో మోటారుకు రావాలి; ఆ రిలేకు ఎప్పుడు అంటుకోవాలో నీటి వేడిని బట్టి థర్మోస్విచ్చు చెప్పాలి. థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే ఇంజన్‌కు, ఫ్యాన్ 90 దాటాక మొదలై ఐదారు డిగ్రీలు తగ్గగానే ఆగితే చాలు. మన దగ్గర చాలా బళ్లలో ఆ థర్మోస్టాట్‌నే ఎప్పుడో పీకి పారేసి ఉంటారు, అది వేరే కథ.

బిగింపు విషయానికొస్తే, ఫ్యాన్ రేడియేటర్ వెనకాల ఉండి గాలిని లాగడమే మేలు. ముందు పెట్టి నెట్టించడమూ కుదురుతుంది గానీ, హైవే మీద ఎదురుగాలికి అదే అడ్డమవుతుంది. వెనక ఫ్యాన్‌ను ముందుకు మార్చి వైర్లు తారుమారు చేస్తే సరిపోదు, రెక్కల వంపు కూడా అందుకు తగినట్టుండాలి. ప్లాస్టిక్ ట్యాగులు రేడియేటర్ రేకుల్లోంచి దూర్చి ఫ్యాన్‌ను కట్టేసే అలవాటొకటి ఉంది. పని అరగంటలో అయిపోతుంది, అదురుడికి ట్యూబులు ఒరుసుకుని కొన్నాళ్లకు కారడమూ మొదలవుతుంది. రేకు పట్టీలతో అంచులకు బిగించి, చుట్టూ గాలి తప్పించుకోకుండా తొడుగు పెట్టడమే అసలు పద్ధతి.

ఇన్ని చేసినా బండి బాయిలవుతూనే ఉంటే? బోరు నీళ్లు పోసి పోసి గారపట్టిన రేడియేటర్‌కు ఏ ఫ్యానూ వైద్యం చేయలేదు. బెల్టు ఫ్యాన్‌తోనే అరవై ఏళ్ల కింద కొత్త కార్లు ఇదే ఎండల్లో తిరిగాయి. కాబట్టి మోటారు కొనకముందు రేడియేటర్‌ను విప్పి కడిగించి, మూత సీలు, గొట్టాలు చూడాలి. సగం బళ్లకు అక్కడే రోగం కుదురుతుంది.

పెట్రోలు ఎంత మిగులుతుందని అడిగేవాళ్లకు పెద్ద అంకె చెప్పడం అన్యాయం. హోరు తగ్గడం మాత్రం మొదటిరోజే తెలుస్తుంది. వానాకాలంలో మరో లాభముంది. బెల్టు ఫ్యాను రోడ్డు మీది నీళ్లను ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మీద చల్లి బండిని ఆపేస్తుంది. అందుకే వాగు దాటే ముందు పాత డ్రైవర్లు బెల్టు ఊడదీసేవాళ్లు. కరెంటు ఫ్యాన్‌కైతే ఒక స్విచ్చు నొక్కితే సరి. బానెట్ ఎత్తినప్పుడు మాత్రం జాగ్రత్త: బ్యాటరీకి నేరుగా కలిపి ఉంటే, ఇంజన్ ఆపాక కూడా అది ఉన్నట్టుండి తిరుగుతుంది.

తీసేసిన పాత రేకు ఫ్యాన్‌ను, దాని పొడవు బోల్టులతో సహా, డిక్కీలో స్టెప్నీ పక్కన పడేసుకోవడం మంచిది. పొట్టి బోల్టులతో పుల్లీ ఒక్కటే నడుస్తుంది గానీ, ఊరు కాని ఊళ్లో మోటారు కాలిపోతే రెండు పానాలతో పాతదాన్ని మళ్లీ ఎక్కించుకుని ఇల్లు చేరొచ్చు.