తాతలనాటి రివాల్వరు: యజమాని ధర్మము

విజయదశమినాడు జమ్మికి మ్రొక్కునప్పుడు మనము స్మరించునది ఆయుధమును మాత్రమే కాదు; ఆయుధమును నియమముతో దాచి, నియమముతో తీసిన పాండవులను. ఆయుధము చేతనుండుట అధికారము. దానిని ఎట్లుంచవలెనో ఎఱుగుట ధర్మము. ఈ భేదమును మఱచిన ఇండ్లు నేటికిని కలవు. పాత మేడలలో భోషాణము అడుగుననో, ఇనుపపెట్టె మూలనో, పూర్వుల కాలమునాటి సైనికపు రివాల్వరు ఒకటి తోలుసంచిలో పడియుండుట అరుదైనను లేకపోలేదు. అది ఎక్కడిది, ఎవరి పేరనున్నది, దానియందు ఏ తూటా ఇమిడును అను ప్రశ్నలకు ఇంటివారు సమాధానము చెప్పజాలరు. ఈ యెఱుగమి వలన ప్రాణమునకును, పరువునకును, చరిత్రకును కూడ హాని కలుగుట కవకాశమున్నది. కావున ఈ విషయమును కొంత విపులముగా విచారించుట అవసరము.

మన దేశమున ఇట్టి ఆయుధములలో పేరు మోసినది ఇంగ్లండులోని బర్మింగుహాము పట్టణమున నిర్మితమైన వెబ్లీ రివాల్వరు. బ్రిటిషు సైన్యము దీని మొదటి రకమును 1887 లో స్వీకరించెను. కాలక్రమమున మార్పులు పొంది, 1915 లో ఆఱవ రకము వెలువడెను. మొదటి ప్రపంచయుద్ధపు కందకములలో బ్రిటిషు సైనికాధికారుల నడుమున వ్రేలాడినది ప్రధానముగా ఇదియే. 1921 మొదలు 1926 వఱకు ఎన్‌ఫీల్డు ప్రభుత్వ కర్మాగారమునను దీనిని నిర్మించిరి. పిదప 1930 దశకమున .38 అంగుళముల తేలిక రివాల్వరు దీని స్థానము నాక్రమించెను. నేడు కాన్పూరు కర్మాగారమున పౌరులకై తయారగు .32 రివాల్వరు కూడ ఈ వెబ్లీ వంశమునకు చెందినదే.

దీని నిర్మాణము సరళమైనది. ఆఱవ రకపు గొట్టము ఆఱంగుళముల పొడవు. బరువు ఒక కిలోగ్రామునకు కొంచెము పైన. ఎడమప్రక్కనున్న మీటను బొటనవ్రేలితో నొక్కినచో ముందు గొట్టము క్రిందికి వంగి, తుపాకి నడుమ విఱిచినట్లు తెఱచుకొనును. వెంటనే నక్షత్రాకారపు పళ్ళెమొకటి పైకి లేచి, ఆఱు ఖాళీ తూటాలను ఒక్కసారి వెలికి నెట్టును. చీకటిలో, బురదలో, ఒకచేత గుఱ్ఱపు కళ్ళెము పట్టుకొన్నవాడును దీనిని త్వరగా నింపుకొనవలెనను ఉద్దేశముతో చేసిన యేర్పాటిది. దీని గుండు .455 అంగుళముల రకము. బరువు 265 గ్రెయినులు, అనగా సుమారు ఒకటిన్నర తులము. వేగము సెకనుకు ఇంచుమించు 600 అడుగులు మాత్రమే. వేగము తక్కువయైనను బరువు హెచ్చగుటచే దగ్గఱనుండి తగిలిన మనుష్యుని నిలువున కూల్చగలదు. 1898 లో దీనికై మొన గుంటగా నుండు గుండునొకదానిని ప్రవేశపెట్టిరి. దేహమున చొచ్చి విచ్చుకొను గుండ్లను 1899 నాటి హేగు ప్రకటన నిషేధించిన పిదప దానిని మానుకొనిరి. ఈ ఆయుధము వేటకై గాని, ఆటకై గాని పుట్టలేదు. మనుష్యునిపై ప్రయోగించుటకే పుట్టినది. దీనిని చేతబట్టువాడు మొదట గ్రహింపవలసిన సత్యమిదియే.

ఇట్టి ఆయుధము ఏ కాలమున ఎవరి చేతనుండెనో తలచుకొన్నచో మన జాతిచరిత్ర కొంత కనబడును. 1878 లో లిట్టన్ ప్రభువు పరిపాలనలో ఆయుధ శాసనము పుట్టెను. దాని ప్రకారము భారతీయుడు లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు. ఐరోపీయులకు మాత్రము మినహాయింపు లభించెను. బిరుదులు పొందిన కొందఱు ప్రభువులకు దయాభిక్షగా ఆ మినహాయింపు ప్రసాదింపబడెను. జనసామాన్యము నిరాయుధమైనది. తమ దేశమున తామే నమ్మదగనివారుగా ఎంచబడుట భారతీయులకు ఆయుధలేమికంటెను బాధాకరమైన అవమానము. అందుచేతనే 1930 లో గాంధీమహాత్ముడు ప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోరికలలో, ప్రజాధికారమునకు లోబడి ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సు లొసగుట ఒకటి. అహింసను పరమధర్మముగా నెంచిన మహాత్ముడే ఈ కోరిక కోరుట విరోధముగా తోచవచ్చును. కాని, ఆయుధము లేనివాడు దానిని త్యజింపజాలడు. చేతగానితనము అహింస కానేరదు. 1931 లో కరాచీ కాంగ్రెసు కూడ నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును పౌరహక్కులలో చేర్చెను.

స్వరాజ్యము వచ్చిన తరువాత ఆ హక్కు రాజ్యాంగమున చేరలేదు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో కామత్‌గారు దీనిని చేర్పవలెనని సవరణను ప్రతిపాదించిరి. అంబేద్కరుగారు అంగీకరింపలేదు. దొంగలకును నేరస్థులకును గూడ ఆ హక్కు సంక్రమించునా యని వారి ప్రశ్న. పౌరునకు ఆయుధము ధరించు హక్కుకంటె, అవసరమైనపుడు దేశముకొఱకు ఆయుధము ధరింపవలసిన విధియే ముఖ్యమని వారి అభిప్రాయము. సవరణ వీగిపోయెను. కొందఱు దీనిని పాత శాసనమునకు కొనసాగింపుగా భావింతురు. కాని పాలితుని నిరాయుధుని చేయు శాసనమునకును, పౌరులు తమ ప్రతినిధులచేత తమకు తామే విధించుకొన్న నియమమునకును భేదము కలదు. మొదటిది అవమానము, రెండవది బాధ్యత.

ఆ బాధ్యత నేడు 1959 నాటి ఆయుధ చట్టమునందు నెలకొన్నది. అది 1962 అక్టోబరు 1 నుండి అమలునకు వచ్చెను. 2019 నాటి సవరణచే ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గెను. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగెను. వారసత్వముగా వచ్చిన ఆయుధములకును ఈ రెండే పరిమితి. లైసెన్సు లేక సామాన్యమైన తుపాకి నుంచుకొన్నవానికి రెండేండ్లనుండి అయిదేండ్ల వఱకును, నిషిద్ధ శ్రేణి ఆయుధమునకు ఏడేండ్లనుండి పదునాలుగేండ్ల వఱకును శిక్ష. సైనికపు తూటా పట్టు రివాల్వర్లు పెక్కు ఈ నిషిద్ధ శ్రేణిలోనివే. వాని అనుమతి జిల్లా అధికారి చేతిలోనిది కాదు, కేంద్ర హోంమంత్రిత్వశాఖ చేతిలోనిది. పెండ్లి ఊరేగింపులలో సంబరమునకై గాలిలో కాల్చుటయు ఆ సవరణచే ప్రత్యేక నేరమైనది. పైకి పేల్చిన గుండు ఆకాశమున నిలిచిపోదుగదా!

ఇచ్చట పలువురు పొరపడు సంగతి యొకటి కలదు. ఆయుధము పాతదైనచో చట్టమంటదని జనుల నమ్మకము. దేశదేశమునకు నియమము వేఱు. అమెరికాలో 1968 నాటి చట్టము సంవత్సరమును చూచును: 1898 లోగాని అంతకు ముందుగాని నిర్మితమైనచో పురాతనము. కావున 1887 నాటి వెబ్లీ అచట పురాతనమగును గాని, 1915 నాటిది కాదు. బ్రిటనులో 1997 లో చేతితుపాకులను దాదాపుగా నిషేధించిరి. డన్‌బ్లేన్ పాఠశాలలో 1996 లో పసిబిడ్డలు హతులైన ఘోరము దానికి కారణము. అయినను 1919 జనవరి 1 కి ముందు నిర్మితమై, తూటాలు సులభముగా దొరకని కొన్నిటిని సంగ్రహముగా ఉంచుకొనుటకును, చారిత్రక ప్రాముఖ్యము గల మఱికొన్నిటిని నియమిత స్థలములందుంచి అచ్చటనే పేల్చుటకును అనుమతి కలదు. మన చట్టము వయస్సును మాత్రమే చూడదు. పాతరకపుది, పురావస్తు విలువ గలది, లేక చెడిపోయినది అయి, మరమ్మతు చేసినను చేయకున్నను తుపాకిగా పనికిరానిదైనచో మాత్రమే 45వ సెక్షను దానిని మినహాయించును. నూఱేండ్ల రివాల్వరైనను, పేలు శక్తియుండువఱకు అది తుపాకియే.

ఇక పేల్చు విషయము. లైసెన్సుండి, తగిన స్థలముండి పేల్చువారును తెలిసికొనవలసిన ప్రమాదములు కలవు. రెండవ ప్రపంచయుద్ధము పిదప మిగులు వెబ్లీలు వేలకొలది అమెరికాకు చేరి చౌకగా అమ్ముడుపోయెను. .455 తూటాలు అచట అరుదు, అమెరికా సైన్యపు.45 తూటాలు సమృద్ధి. వర్తకులు తూటాల చక్రము వెనుకభాగమును అరగదీసి ఆ తూటాలు పట్టునట్లు చేసిరి. తూటా పట్టినది గాని, దాని పేలుడు ఒత్తిడి వెబ్లీకి ఉద్దేశించినదానికంటె మిక్కిలి హెచ్చు. పది మార్లు పేలినను పదునొకండవ మారు చక్రము పగులవచ్చును. తూటా ఇమిడినంత మాత్రమున అది ఆ తుపాకికి తగినది కాదు; ఈ పాఠము చేతికి గాయమైన తరువాత నేర్చికొనదగినది కాదు.

పాత తూటాలును నమ్మదగినవి కావు. గుర్రము పడినను కొన్ని వెంటనే పేలవు. క్షణములు గడచిన పిదప పేలుటయు కలదు. కావున పేలని తుపాకి గొట్టమును కనీసము అరనిమిషము గురివైపే నిలుపవలెను. మందు చాలనిచో గుండు గొట్టములోనే చిక్కుకొనును; ఆ సంగతి నెఱుగక రెండవది పేల్చినచో గొట్టము పగిలిపోవును. శబ్దము మందముగానున్నచో వెంటనే ఆపి, ఖాళీచేసి, గొట్టములోనికి వెలుతురు పట్టి చూడవలెను. పేల్చుటకు ముందు లైసెన్సుగల నిపుణునిచేత చక్రపు గదులు గొట్టమునకు సూటిగా నిలుచుచున్నవా, గొట్టమును బిగించు కొక్కెము అరగినదా యని పరీక్ష చేయింపవలెను. ఊరి కమ్మరి చేతికిచ్చి బాగుచేయించుట ప్రమాదమే కాదు, నేరము కూడ.

ఆయుధమును రక్షించుటలోను తెలివి వలయును. పాత సైనిక తూటాల రవ్వమందులో నున్న లవణము పేల్చిన పిదప గొట్టమునందు నిలిచి తేమను పీల్చును. వేడినీటితో కడిగి, ఆరబెట్టి, ఆపై చమురు పూయవలెను. చమురొక్కటియే ఆ లవణమును కరగింపదు. తోలుసంచి చూడ ముచ్చటగానుండును గాని, వర్షకాలమున చెమ్మను పట్టి ఇనుమును తినివేయును. రివాల్వరును సంచినుండి తీసి వేఱుగా నుంచవలెను. తూటాలను మఱియొకచోట తాళము వేసి యుంచవలెను. పిల్లలకు తాళపుచెవి జాడ తెలియరాదు. ఇనుపముక్కను కాపాడుటకంటె ఇంటిలోని పసివానిని కాపాడుట ముఖ్యమని వేఱుగ చెప్పవలసిన పనిలేదు.

అన్నిటికంటె గడ్డుసమస్య యజమాని గతించిన తరువాత ఏర్పడును. లైసెన్సు మనుష్యునిది, అతనితోనే అది ముగియును. పొలము పాలుపంచుకొన్నట్లు రివాల్వరును పంచుకొనరాదు. కర్మకాండ ముగిసి, పత్రములు సర్దుకొని, భోషాణము తెఱచువఱకు నెలలు గడచును. లైసెన్సు లేని ఆయుధము అంతవఱకు ఇంట నుండును. ఇట్టి సందర్భమునకే చట్టపు 21వ సెక్షను ఒక మార్గము చూపుచున్నది. ఆయుధముంచుకొనుటకు హక్కు పోయినవెంటనే జాగుచేయక సమీపపు పోలీసు ఠాణాలో గాని, లైసెన్సుగల వర్తకునికడ గాని దానిని అప్పగింపవలెను. వారసుడు తనపేర లైసెన్సు పొంది తిరిగి తీసికొనవచ్చును. లేదా అర్హునకు విక్రయింపవచ్చును. గడువు దాటినచో ఆయుధము ప్రభుత్వపరమగును. భయపడి నూతిలో పడవేయుట, పాలేరు చేతికిచ్చి దాచుట, రహస్యముగ అమ్ముట వంటి ఉపాయములు కుటుంబమును చెఱసాల గుమ్మము వఱకు ఈడ్చుకొనిపోవును. అట్లు చేయిదాటిన తుపాకి చివరకు ఏ హంతకుని చేతికి చేరునో ఎవరు చెప్పగలరు?

ప్రభుత్వమునకును ఈ విషయమున విధి కలదు. వారసులు భయముతోగాక విశ్వాసముతో ఠాణా మెట్లెక్కునట్లు అధికారులు మెలగవలెను. పత్రము అడిగినవానిని దొంగవలె చూచుట పాత శాసనపు వాసన. ప్రభుత్వపరమైన పాత ఆయుధములను కరగించుటకు ముందు పురావస్తుశాఖ నిపుణులచేత ఒకసారి పరీక్ష చేయింపవలెను. వెబ్లీపై ముద్రలు చరిత్రను చెప్పును: బాణపు ముద్ర ప్రభుత్వపు సొత్తని చెప్పును, మొనకు మొన తాకు రెండు బాణములు సైన్యమునుండి విక్రయమైనదని తెలుపును. 1972 నాటి పురావస్తు చట్టము చారిత్రక ప్రాముఖ్యముగల నూఱేండ్ల వస్తువును పురావస్తువుగా గణించుచున్నది. పేలు శక్తిని తొలగించి, ముద్రలను వ్రాసికొని, జిల్లా ప్రదర్శనశాలలందు ఉంచినచో ఏ చేతులు ఏ ఆయుధముతో ఈ దేశమును పాలించెనో మన బిడ్డలు కన్నులార చూడగలరు.

ఒకప్పుడు ఆయుధమును మనకు నిరాకరించిరి, అది అన్యాయము. నేడు దానిని మన విజ్ఞతకు అప్పగించిరి; అది పరీక్ష. పాత రివాల్వరుగల ప్రతి గృహస్థుడును ఈ నెల దాటకుండ భోషాణము తెఱచి, లైసెన్సు పత్రమును వరుస సంఖ్యతో సరిపోల్చి చూచుకొనుట మంచిది. సరిపోయినచో నిశ్చింత, సరిపోనిచో ఠాణాకు దారి తెలిసినదే.