కేరాఫ్ కూతురు, కొండాపూర్

కొండాపూర్‌లో కోఠి వెళ్లే 127కే బస్సు ఎక్కగానే అమ్మ పర్సులోంచి ఆధార్ కార్డు తీసి చేత్తో పట్టుకుంది. ముందు సీటులో ఆవిడా, పక్కన నిలబడ్డ కాలేజీ అమ్మాయీ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవడం గమనించింది మరి. కండక్టరమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఆంధ్రా అడ్రస్ కదమ్మా, టికెట్ తీసుకోవాలె" అంది, మర్యాదగానే. ఆమె తప్పేమీ లేదు. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు ప్రయాణ పథకం తెలంగాణ నివాసులైన ఆడవాళ్లకే వర్తిస్తుంది. అమ్మ డబ్బులిచ్చి టికెట్ తీసుకుంది. లక్డీకాపూల్ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. దిగి రవీంద్రభారతి వైపు నడుస్తూ అంది: "నాలుగేళ్లయిందే నేనిక్కడికొచ్చి. ఇంకా చుట్టపుచూపుగా వచ్చినట్టేనటే?"

నాకు చురుక్కుమంది. తాడేపల్లిగూడెం నుంచి అమ్మ మంచం తెచ్చాను, మందులు తెచ్చాను, టీవీలో ఆవిడ చూసే ఛానెళ్లు పెట్టించాను. ఆవిడ అడ్రస్ సంగతి మాత్రం నాకు తట్టనే లేదు.

సామాను చెప్పే కథ

తెల్లారేసరికి లింగంపల్లి స్టేషన్‌కు వెళ్లి చూడండి. కాకినాడ నుంచి వచ్చిన గౌతమి ఆగగానే ల్యాప్‌టాప్ సంచుల మధ్య పెద్దవాళ్లు నెమ్మదిగా దిగుతుంటారు. వాళ్లలో ఎవరు నాలుగు రోజులుండి వెళ్లడానికి వచ్చారో, ఎవరు ఉండిపోవడానికి వచ్చారో సామాను చూసి చెప్పేయొచ్చు. ఉండి వెళ్లేవాళ్ల చేతిలో పూతరేకులూ, తాండ్రా, కొత్తావకాయా ఉంటాయి. ఉండిపోయేవాళ్లు దుప్పట్లో చుట్టిన దేవుడి పటాలు గుండెలకు ఆనించుకుని దిగుతారు. మందుల ఫైలూ, బ్యాంకు పుస్తకాలూ విడిగా ఓ చేతిసంచిలో ఉంటాయి.

నాన్న పోయిన ఏడాది, బాత్రూంలో జారిపడి మూడు గంటలసేపు లేవలేకపోయిన అమ్మను నేను అలాగే దింపుకొచ్చాను. ఆవిడ చేతిసంచిలో తాడేపల్లిగూడెం ఇంటి తాళాల గుత్తి ఉంది. తొమ్మిది తాళంచెవులు. వాటిలో నాలుగింటికి తాళాలు ఎప్పుడో పోయాయి. వీధి తలుపుది, వంటింటిది, పెరటి గేటుది, నాన్న పుస్తకాల బీరువాది, బియ్యం డబ్బాది మాత్రం పనిచేస్తాయి. ఆ గుత్తి ఇప్పుడు మా ఇంట్లో అమ్మ చీరల కింద ఉంటుంది. మా ఫ్లాటు తలుపుకి తాళంచెవే లేదు, అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. మొదటి నెలంతా ఆ అంకెలు మరిచిపోతానేమోనని అమ్మ గుమ్మం దాటి బయటికి రాలేదు. నేను దాన్ని బద్ధకం అనుకున్నాను. అది భయమని తెలుసుకోవడానికి నాకు నెల పట్టింది.

కొండాపూర్‌కు పెద్దవాళ్లు ఇలా రావడం వెనుక ఓ చిన్న లెక్క ఉంది. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో పాతికేళ్ల వయసుతో ఉద్యోగాల్లో చేరినవాళ్లకు ఇప్పుడు యాభై దాటాయి. వాళ్ల అమ్మానాన్నలకు డెబ్బై, ఎనభై. శేరిలింగంపల్లి మున్సిపాలిటీ 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసినప్పుడు ఇక్కడ ఫ్లాట్లు కొన్న కుర్రజంటలు "పిల్లలకు స్కూలు దగ్గర, మాకు ఆఫీసు దగ్గర" అని చూసుకుని కొన్నారు. ఇప్పుడు అదే ఫ్లాట్లలో పిల్లల గది ఖాళీ అయి అమ్మమ్మ గది అవుతోంది. బాత్రూంలో గోడకు పట్టుకునే రాడ్లు బిగించే మనిషికి మా చుట్టుపక్కల అపార్టుమెంట్లలో చేతినిండా పని.

అన్నట్టు, ఊరు కదలకుండానే ముసలితనంలో కొత్త నగరానికి వచ్చిపడినవాళ్లూ ఇక్కడున్నారు. కొత్తగూడ, మసీదుబండ, కొండాపూర్ పాత ఇళ్లలోని పెద్దలు. మా సందు చివర అరుగు మీద కూర్చునే అవ్వకు ఒకప్పుడు ఇక్కడంతా చేన్లే. ఇప్పుడు రోడ్డు దాటాలంటే ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి. మేము ఊరు వదిలి వచ్చామని బాధపడతాం. ఆమెను ఆమె ఊరే వదిలి వెళ్లింది. ఈ అవ్వతో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాకే అమ్మ తన దిగులు గురించి మాట్లాడటం తగ్గించింది.

పదకొండు నుంచి నాలుగు దాకా

పెద్దవాళ్లను తెచ్చుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం ఆసుపత్రుల గురించే మాట్లాడతాం. నిజమే, ఇక్కడ గుండెకో డాక్టరు, మోకాలికో డాక్టరు, కొండాపూర్‌లోనే ప్రభుత్వ ఆసుపత్రి. కానీ ఆసుపత్రి అవసరం నెలకోసారి పడుతుంది. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఉండే సమయం రోజూ వస్తుంది. మేమిద్దరం ఆఫీసుకీ, పిల్లాడు కాలేజీకీ వెళ్లాక ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. గూడెంలో ఆ వేళకు పాలవాడు, ఉల్లిపాయల బండి, ఎదురింటి పిన్ని గారు, ట్యూషన్ పిల్లలు. వద్దన్నా ఎవరో ఒకరు వచ్చేవారు. ఇక్కడ మనిషి గుమ్మందాకా రావాలంటే కింద గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయికి పేరు చెప్పాలి, మన ఫోన్‌లో మనం సరే అనాలి.

అమ్మను ఈ నిశ్శబ్దంలోంచి బయటికి లాగింది నేను కాదు. బ్లాకు ముందు వేపచెట్టు కింద ఉన్న సిమెంటు బల్ల. సాయంత్రం అయిదింటికి అక్కడ కూర్చునే ఆడవాళ్లు కొత్త మనిషిని అడిగే మొదటి ప్రశ్న పేరు కాదు, "మీదే ఊరమ్మా?" అమ్మ గూడెం అనగానే ఒకావిడ "భద్రాద్రి కొత్తగూడెమా?" అనడం, కాదని తెలిశాక తమ చుట్టాలు తణుకులో ఉన్నారని చెప్పడం, అలా మొదలైంది. ఆ బల్ల మీద గోదావరిఖని నుంచి వచ్చినావిడ ఉంది. భర్త సింగరేణిలో రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది, సొంత ఊళ్లో ఇల్లు పడిపోయింది, కొడుకు దగ్గరికి వచ్చారు. ఆవిడా అమ్మా ఇప్పుడు వదినా అంటే వదినా అనుకుంటారు. కూరగాయల బండి దగ్గర అమ్మ ఉల్లిగడ్డ, ఆలుగడ్డ అంటుంది. ఆవిడ మా ఇంటికొచ్చి పులస కథలు వింటుంది.

మా అపార్టుమెంటు ముంగిట బతుకమ్మ ఆడతారు. తొలి ఏడాది అమ్మ కుర్చీలో కూర్చుని చూసింది. రెండో ఏడాది వదినగారి పక్కన కూర్చుని గునుగుపూలకు రంగు అద్దింది. మూడో ఏడాది చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టింది, మోకాళ్ల నొప్పి మరిచిపోయి. ఆ రాత్రి నేను మందు రాస్తుంటే, "అట్లతద్దికి వదినగారినీ పిలుద్దామే" అంది.

పొద్దున్న ఇద్దరూ కలిసి బొటానికల్ గార్డెన్‌కు వెళ్తారు. మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టిన ఆ తోట 274 ఎకరాల్లో, ఐటీ కంపెనీల అద్దాల గోడలకు కూతవేటు దూరంలో ఉంది. పెద్ద పెద్ద బండరాళ్ల మధ్య నడకదారి. ఈ ప్రాంతంలో పెద్దవాళ్లకు అంతకు మించిన మందు ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. అక్కడికి చేరడానికి దాటాల్సిన రోడ్డు మాత్రం వాళ్ల పాలిట గోదావరి. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరుచుకుంది, కార్లకు దారి సాఫీ అయింది. కింద చేతికర్ర పట్టుకుని నిలబడ్డ మనిషికి దాటే వ్యవధి ఇంకా దొరకలేదు.

కాశీకీ కొండాపూర్‌కీ మధ్య

ముసలితనంలో ఊరు మారడం మన తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ తరంలో సంసారం కొడుకులకు అప్పజెప్పి కాశీవాసానికి వెళ్లినవాళ్లుండేవారు. అక్కడ మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం పేరు తెలియని గోదావరి జిల్లా ఇల్లు అరుదు. అలా వెళ్లినవాళ్లు బాధ్యతలు దించుకుని వెళ్లేవారు. కొండాపూర్ వచ్చేవాళ్లు కొత్త బాధ్యత ఎత్తుకోవడానికి వస్తున్నారు. మనవడు పుట్టాడని వస్తారు, వాడు ఇంటర్‌కు వెళ్లేదాకా ఉంటారు, ఆ తర్వాత వెనక్కి వెళ్దామంటే అక్కడ ఎవరూ ఉండరు. శ్రీరమణ 'మిథునం' కథను తనికెళ్ల భరణి 2012లో సినిమాగా తీస్తే మనమంతా కళ్లు తుడుచుకున్నాం, ఆ పెరడూ ఆ ఇద్దరూ మన అమ్మానాన్నల్లా అనిపించారు. ఆ ఇద్దరిలో ఒకరు పోయాక మిగిలినవాళ్లు ఎక్కడుండాలన్నది సినిమా హాలు బయట మన ఇళ్లలో తేలాల్సిన సంగతి.

మా ఇంట్లో దానికింకో ముడి కూడా ఉంది. "కూతురింట్లో ఎన్నాళ్లుంటావు వదినా?" అని గూడెం నుంచి ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ అడిగేది. అమ్మ మొదట్లో తన పెన్షన్‌లోంచి కొంత నా చేతిలో పెట్టేది. నేను వద్దంటే ముఖం చిన్నబుచ్చుకునేది. తర్వాత తీసుకోవడం నేర్చుకున్నాను. కూరలూ పాలూ ఇప్పుడు అమ్మ డబ్బులతోనే వస్తాయి. ఏ కూర వండాలో చెప్పే హక్కు ఆ డబ్బుతోపాటే ఆవిడకు తిరిగి వచ్చింది.

రెండు బటన్లు

బస్సు సంగతి జరిగిన వారం, అడ్రస్ మార్చడానికి కూర్చున్నాం. తమ పేరున కరెంటు బిల్లూ అద్దె కాగితమూ లేనివాళ్ల కోసం ఆధార్ సంస్థ 2023 జనవరిలో ఓ వెసులుబాటు తెచ్చింది. ఇంట్లో ఉన్న 'కుటుంబ పెద్ద' ఒప్పుకుంటే ఆ పెద్ద అడ్రస్‌నే తమ అడ్రస్‌గా మార్చుకోవచ్చు. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా పెద్ద కావచ్చు. ఆ లెక్కన మా ఇంట్లో పెద్దను నేను. అమ్మ దరఖాస్తుదారు.

ఆధార్ వెబ్‌సైటు బంధుత్వానికి రుజువు అడిగింది. నా పదో తరగతి సర్టిఫికెట్ తీశాను. అందులో నాన్న పేరే ఉంది. ఆ రోజుల్లో అంతే. రుజువు లేనప్పుడు పెద్ద స్వయంగా ధ్రువీకరణ రాసివ్వచ్చు. ఈమె నా తల్లి అని రాసి, కింద సంతకం పెట్టాను. అమ్మ పక్కనే కూర్చుని చదువుకుంది, ఏమీ అనలేదు. తర్వాత అమ్మ అభ్యర్థన నాకు వచ్చింది. ముప్పై రోజుల్లో తేల్చాలి. అంగీకరించడానికో బటన్, తిరస్కరించడానికో బటన్.

ఆ రెండో బటన్ చూసి నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పెద్దవయసులో పిల్లల దగ్గరికి వచ్చిన ప్రతి మనిషి బతుకులోనూ ఆ రెండో బటన్ పిల్లల చేతిలో ఉంటుంది. అది ఎప్పటికీ నొక్కరన్న నమ్మకం మీదే వాళ్లు ఊరు వదిలి వస్తారు. ఆ నమ్మకానికి అండగా వాళ్ల చేతిలో కూడా ఏదో ఒకటి మిగిలి ఉండాలి.

అందుకే నన్ను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఒకటే చెబుతున్నాను. ఊళ్లో ఇల్లు అమ్మించి ఇక్కడ ఫ్లాటులో కలపకండి, కనీసం మొదటి రెండు మూడేళ్లు. అమ్మానాన్నలకు ఇక్కడ నచ్చకపోతే వెళ్లడానికి ఓ గుమ్మం ఉండాలి. ఇల్లు పిల్లలకు రాసివ్వడమే జరిగితే, తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించమని వాళ్లకు చెప్పండి. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కొడుకుతోపాటు కూతురినీ, మనవలనూ బాధ్యులను చేసింది. ఆర్డీవో స్థాయి అధికారి ఉండే ట్రిబ్యునల్ నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు, పెద్దవాళ్లు ప్రస్తుతం ఉంటున్న జిల్లాలోనే అర్జీ పెట్టుకోవచ్చు. అదే చట్టంలోని 23వ సెక్షన్ కింద, చూసుకుంటామన్న షరతు తప్పితే రాసిచ్చిన దస్తావేజు చెల్లదని తేల్చవచ్చు. షరతు లేకపోతే ఆ సెక్షన్ పనిచేయదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, షరతు తప్పిన కొడుకు నుంచి గిఫ్టు ఇచ్చిన ఆస్తిని తల్లికి తిరిగి ఇప్పించింది. సాయం ఎవరిని అడగాలో తెలియని పెద్దల కోసం 14567 నంబరు ఉంది. మా వేపచెట్టు బల్ల మీద ఆ నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించాం.

గూడెం ఇల్లు మేం అమ్మలేదు. రెండు గదులు అద్దెకిచ్చి, వీధివైపు గదీ వంటిల్లూ అమ్మకు ఉంచాం. అద్దె ఆవిడ ఖాతాలోనే పడుతుంది. వేసవిలో ఆవకాయల వేళకు తాళాల గుత్తి తీసుకుని లింగంపల్లిలో గౌతమి ఎక్కి వెళ్తుంది. నెల తిరక్కుండానే, "ఇక్కడేం తోచట్లేదే, వదినగారు ఎలా ఉన్నారు?" అని ఫోన్ చేస్తుంది.

కొత్త ఆధార్ వచ్చింది. ఇన్నేళ్లూ నాన్న పేరున్న చోట ఇప్పుడు కేరాఫ్ అని నా పేరుంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, పాత కార్డును దేవుడి పటాల వెనక పెట్టింది. మర్నాడు వదినగారితో కలిసి 127కే ఎక్కి, జీరో టికెట్ తెచ్చి నాకు చూపించింది.

ఓటు మాత్రం ఇంకా గూడెంలోనే ఉంది. 2024 మే 13న రెండు రాష్ట్రాల్లో ఒకేరోజు పోలింగ్ జరిగినప్పుడు విజయవాడ రోడ్డు మీద బారులు తీరిన వేల కార్లలో మాదీ ఒకటి. వెనక సీటులో అమ్మ. ఆ ఓటు కూడా ఇక్కడికి మార్చేద్దామా అని మొన్న అడిగాను. ఆలోచించి చెబుతానంది. ఇంకా చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు.