బీమా లేని పంటకు సర్కారు సాయం: మిశ్రమ పంట రైతులు ముందే చూసుకోవాల్సినవి



2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపాను మా నల్లమల అంచున గట్టిగానే కొట్టింది. అచ్చంపేట, ఉప్పునుంతల దిక్కు అది పత్తి ఏరే టైమ్. పగిలిన పత్తి చెట్టు మీదనే తడిసి నల్లబడ్డది. మా చెలక ఎట్లయిందో పైన వీడియోలో చూడండి. అప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు: "తమ్మీ, బీమా లేదు గదా, మనకేమొస్తది?"

బీమా ఎందుకు లేదు?

తెలంగాణ 2020లో ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నుంచి బయటికొచ్చింది. మళ్లీ చేరతామని 2024లో సర్కారు చెప్పింది గానీ, మొంథా వచ్చేనాటికి మా ఊర్లో ఎవరి చేతిలోనూ బీమా కాగితం లేదు. ఇగ మిగిలింది విపత్తు సాయం ఒక్కటే.

లెక్క ఎట్లుంటది?

మనం నష్టపరిహారం అంటాం గానీ, కాగితం మీద దాని పేరు ఇన్‌పుట్ సబ్సిడీ. పోయిన పంట విలువ కట్టివ్వరు, మళ్లీ విత్తనం వేసుకోవడానికి ఆసరా ఇస్తారు. రాష్ట్ర విపత్తు స్పందన నిధి 2022-26 నిబంధనల ప్రకారం పంట 33 శాతం, ఆపైన పోవాలి. 2015కు ముందు ఇది 50 శాతం.

- వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు (ఎకరాకు సుమారు 3,440)
- నీటి వసతి ఉంటే 17,000 (ఎకరాకు సుమారు 6,880)
- తోటలకు 22,500 (ఎకరాకు సుమారు 9,100)
- ఒక రైతుకు 2 హెక్టార్ల వరకే

2023 మార్చి వడగండ్లకు, 2024 సెప్టెంబర్ వరదలకు, మొంథాకు మన రాష్ట్రం ఎకరాకు 10 వేలు ప్రకటించింది. ఇది కేంద్రం రేటు కంటే ఎక్కువే. కానీ నా లెక్క పుస్తకంలో ఎకరా పత్తికి దున్నకం, గింజలు, కూలీలు కలిపి 18 వేలు దాటింది.

మన చేనులో అసలు చిక్కు

నా పత్తిలో ఆరు సాళ్లకు ఒక కంది సాలు, గట్టెంబడి జొన్న, ఆముదం. వానకు పత్తి పోయింది, కంది పూత రాలింది, చెట్లు మాత్రం నిలబడ్డయి. బాట మీద నుంచి చూస్తే చేను పచ్చగానే ఉంది. ఒకటే పంట వేసిన చేనులో నష్టం కండ్లకు కొడతది. మన చేనులో లోపలికి దిగితే తప్ప కనపడదు. సాళ్లెంబడి నడిచి, కాయలు విప్పి చూపించాలె.

కౌలుదారుల సంగతి ఇంకా కష్టం. కౌలు రైతుకూ సాయం అందేలా చూడాలని 2023లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పారు. అయినా పట్టా పేరు ఒకరిది, చెమట ఇంకొకరిది అయినప్పుడు ఊర్లో మాట్లాడుకుంటేనే పైసలు సాగు చేసినోళ్ల చేతికొస్తయి.

ఇప్పుడే చేసుకోవాల్సినవి

1. పంట నమోదు టైమ్‌లో ఏఈఓ సార్‌ను చేనుకు పిలవండి. అంతర పంటలు కూడా రాయించండి. మీ సర్వే నంబరు ఎదురుగా ఏం రాసి ఉందో మీ కండ్లతో చూడండి.
2. విత్తినప్పుడు, పూతకు, కోతకు ముందు ఫోన్‌లో తేదీ, లొకేషన్ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి.
3. నష్టం జరిగితే నీళ్లు తీయకముందే, చెట్లు పీకకముందే ఫోటో తీసి, అదే రోజు ఏఈఓకు చెప్పండి. ఒక్కో పంట నష్టం విడిగా చూపించండి.
4. సర్వే జాబితాలో పేరు, విస్తీర్ణం, బ్యాంకు ఖాతా సరిచూసుకోండి. తప్పుంటే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి.
5. కౌలుకు చేసేవాళ్లు విత్తే ముందే పట్టాదారుతో మాట్లాడి, సాయం ఎవరికి చెందాలో కాగితం మీద రాసుకోండి.

మట్టిని బాగు చేసుకుంటే కరువును కొంత తట్టుకుంటాం, నిజమే. కానీ ఒక్క రాత్రిలో పడే కుండపోతను ఏ జీవామృతమూ ఆపలేదు. సాయం అడగడం మన హక్కు. అది దక్కాలంటే మన పంట ముందు పుస్తకంలోకి ఎక్కాలె.