సర్వీస్ మాన్యువల్ లేని గ్యాడ్జెట్: 12 మెట్ల కిన్నెర లోపల ఏముంది?

మన సైట్‌లో ఫోన్ టియర్‌డౌన్‌లు చాలా చూశారు. బ్యాటరీ ఎలా అంటించారు, స్క్రూలు ఎన్ని, రిపేర్ ఎంత ఈజీ అని లెక్కలేసుకుంటాం కదా. ఈసారి అదే కళ్లతో ఒక వాయిద్యాన్ని చూద్దాం. దీనికి మోడల్ నంబర్ లేదు, వారంటీ లేదు, స్పేర్ పార్ట్స్ అమ్మే షాపు అసలే లేదు. పేరు కిన్నెర. ఊరు మన పాలమూరు వైపు, నల్లమల అంచున.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంటకి చెందిన దర్శనం మొగులయ్య వల్ల ఈ పేరు చాలామందికి తెలిసింది. 2021లో వచ్చిన 'భీమ్లా నాయక్' టైటిల్ సాంగ్ మొదట్లో వినిపించే గొంతు ఆయనదే. 2022లో పద్మశ్రీ వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇప్పుడు మూడు వేరు జిల్లాలు. 2016 దాకా అన్నీ పాత మహబూబ్‌నగర్ జిల్లాయే. ఈ నేల మీద డక్కలి కళాకారులు కిన్నెర మీటుతూ పండుగ సాయన్న లాంటి వీరుల కథలు ఊరూరా పాడారు.

ఇది స్క్రూడ్రైవర్ పట్టుకుని విప్పిన టియర్‌డౌన్ కాదు. ఏ భాగం ఏ పని చేస్తుందో చూసే టియర్‌డౌన్. పోలికకి అమెరికా నుంచి ఒక పాత మెషీన్‌ని పక్కన పెడుతున్నా: పెడల్ స్టీల్ గిటార్.

బాడీ, స్పీకర్

కిన్నెరకి వెన్నెముక వెదురు దండి. తేలిక, గట్టి, లోపల బోలు. ఫోన్ భాషలో చెప్పాలంటే ఫ్రేమ్ ఇదే.

దండి కింద ఎండబెట్టిన సొరబుర్రలు ఉంటాయి. సన్నటి తీగ ఒక్కటే ఊగితే గాలి పెద్దగా కదలదు, శబ్దం మన చెవి దాకా రాదు. తీగ ఊపు దండిలోకి, దండి నుంచి బుర్రలోకి వెళ్తుంది. బుర్ర గోడలు, లోపలి గాలి కలిసి ఊగితే అప్పుడు శబ్దం పెద్దదవుతుంది. అంటే ఇది కరెంటు అక్కర్లేని స్పీకర్ బాక్స్. బుర్ర సైజు, గోడ మందం మారితే టోన్ మారిపోతుంది. ఏ రెండు సొరకాయలూ ఒకేలా కాయవు కాబట్టి ఏ రెండు కిన్నెరలూ ఒకేలా పలకవు.

మెట్లు: అసలు ఇంజినీరింగ్ ఇక్కడే

గిటార్‌లో ఫ్రెట్ అంటామే, కిన్నెరలో అదే మెట్టు. మెట్టు దగ్గర నొక్కితే తీగ పొడవు తగ్గి స్వరం పైకెళ్తుంది. ఈ మెట్లని దండి మీద తేనె మైనంతో నిలబెడతారు. మన సరస్వతి వీణలో కూడా 24 మెట్లు మైనం మీదే ఉంటాయి. బొబ్బిలి వీణ చూసినవాళ్లకి ఇది తెలుసు.

మైనం ఎందుకు? జిగురైతే ఒకసారి అంటించాక కథ అయిపోయినట్టే. మైనాన్ని కాస్త వేడి చేసి మెట్టుని జరపొచ్చు, మళ్లీ బిగించొచ్చు. ఎంత జరపాలో లెక్క చూడండి. 60 సెంటీమీటర్ల తీగ ఉందనుకుందాం, గిటార్ పద్ధతిలో సెమీటోన్ చొప్పున మెట్లు పెడదాం. మొదటి మెట్టు సుమారు 3.4 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, 12వది సరిగ్గా సగంలో, 30 దగ్గర. 11కి, 12కి మధ్య దూరం 1.8 సెంటీమీటర్లే. 12వ మెట్టు ఒక్క మిల్లీమీటరు పక్కకి పోతే స్వరం దాదాపు 6 సెంట్లు తప్పుతుంది (100 సెంట్లు ఒక సెమీటోన్). అదే మిల్లీమీటరు మొదటి మెట్టు దగ్గరైతే 3 సెంట్లే.

ఒక్క మాట. 12 మెట్లు అంటే గిటార్‌లోని 12 సెమీటోన్లే అని ఫిక్స్ అవ్వకండి. పై లెక్క దూరాల సంగతి అర్థమవడానికే. కిన్నెర మెట్లు పాడే గొంతుకి, పట్టిన చెవికి తగ్గట్టు కుదిరేవి. ట్యూనర్ యాప్ గ్రీన్ చూపించకపోతే తప్పు కిన్నెరది కాకపోవచ్చు.

పాతకాలంలో మెట్లకి ఎముకలు, అలుగు చిప్పలు వాడేవారని చెబుతారు. ఇప్పుడు అలుగు వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. దాన్ని చంపడం, దాని చిప్పలు అమ్మడం నేరం. ఆ పార్ట్ మార్కెట్‌లోకి తిరిగి రాదు, రాకూడదు కూడా. దాని బదులు ఏ మెటీరియల్ వాడితే పలుకు చెడదు అన్నదే ఇప్పుడు తేల్చాల్సిన ప్రశ్న.

పెడల్ స్టీల్: అదే సమస్యకి ఇంకో జవాబు

కిన్నెర తీగ పొడవుని మారుస్తుంది. పెడల్ స్టీల్ దానికి తోడు తీగ బిగువుని కూడా మారుస్తుంది. టేబుల్ లాంటి బాడీ మీద మామూలుగా పది తీగలు ఉంటాయి, ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ జారుతుంది. కింద పెడల్ తొక్కితే ఒక రాడ్ లాగుతుంది, అది అడ్డంగా ఉన్న షాఫ్ట్‌ని తిప్పుతుంది, షాఫ్ట్ మీది బెల్‌క్రాంక్ ఇంకో రాడ్‌ని లాగుతుంది, చివర్లో 'ఛేంజర్ ఫింగర్' అనే చిన్న లోహపు ముక్క తిరిగి తీగని బిగిస్తుంది. కాలు తీస్తే తీగ మళ్లీ పాత స్వరానికి వచ్చేయాలి.

ఒక తీగని పూర్తి టోన్ పైకి లేపాలంటే బిగువు సుమారు 26 శాతం పెరగాలి. అంత లాగినప్పుడు బాడీ రవ్వంత వంగి, మిగతా తీగల స్వరం దిగిపోతుంది. డిజైనర్లకి ఇదో పెద్ద తలనొప్పి. 1954లో వెబ్ పియర్స్ పాడిన 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ పెడల్‌తో స్వరాలు వంచాక అమెరికా కంట్రీ మ్యూజిక్‌లో ఈ సౌండ్ పాతుకుపోయింది.

నాకు ఇక్కడ నచ్చే విషయం మెకానిజం ఒక్కటే కాదు. ఆ కాలం గిటార్లలో కొన్నింటికి పోత లోహం భాగాలు అరిగి విరిగిపోయాయి. వాడేవాళ్లే కొలతలు తీసి పంచుకున్నారు, చిన్న మెషీన్ షాపుల వాళ్లు కొత్త భాగాలు కోసిచ్చారు. అందుకే అరవై, డెబ్బై ఏళ్ల మెషీన్లు ఇంకా పలుకుతున్నాయి.

కిన్నెరకి రిపేరబిలిటీ స్కోర్ ఎంత?

పార్ట్స్ పరంగా చూస్తే నేను పదికి తొమ్మిది ఇస్తా. వెదురు, సొరకాయ, మైనం, తీగ. ఏది పోయినా మార్చుకోవచ్చు. డాక్యుమెంటేషన్ పరంగా ఇస్తే మాత్రం రెండే. ఏ ముదురు సొరకాయ కోయాలి, మైనం ఎంత వేడి చేయాలి, ఏ మెట్టు ఎక్కడ ఆపాలి అన్నవి వాయించేవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. ఆ చేతులకి పని దొరకాలి కదా. పద్మశ్రీ వచ్చిన రెండేళ్లకి, 2024లో, మొగులయ్య కూలి పని చేస్తున్నారని వార్తలొచ్చాయి. తయారీ తెలిసినవాళ్లకి బతుకుతెరువు లేని ప్రొడక్ట్ ఎంత బాగున్నా డిస్‌కంటిన్యూ అవుతుంది.

మీ ఫోన్‌తో చేయగలిగింది

మీ ఊళ్లో, చుట్టుపక్కల కిన్నెర పట్టినవాళ్లు ఉంటే ముందు అనుమతి అడగండి, వాళ్ల టైమ్‌కి డబ్బులివ్వండి. తర్వాత:

రికార్డర్‌లో నాయిస్ సప్రెషన్ ఆఫ్ చేయండి. అది ఆగకుండా మోగే తీగని నాయిస్ అనుకుని మింగేసే ఛాన్స్ ఉంది. 48 కిలోహెర్ట్‌జ్ వేవ్ ఫార్మాట్‌లో తీయండి.

ఒక్కో మెట్టు విడిగా మీటించి, ఏ మెట్టో నోటితో చెప్పి రికార్డ్ చేయండి. స్పెక్ట్రమ్ యాప్‌లో ఫ్రీక్వెన్సీ తర్వాత చూసుకోవచ్చు.

పక్కన స్కేల్ పెట్టి దండిని నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. మెట్ల దూరాలు అందులోంచే వస్తాయి. బుర్ర చుట్టూ తిరుగుతూ యాభై అరవై ఫోటోలు తీస్తే 3డి మోడల్ కూడా తయారవుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, మెట్టు పెట్టేటప్పుడు వీడియో తీయండి, పక్కనే కూర్చుని ఎందుకలా పెట్టారో అడగండి. కిన్నెరకి మొదటి సర్వీస్ మాన్యువల్ అదే అవుతుంది. దాని మీద మీ పేరు కంటే ముందు వాళ్ల పేరు రాయండి.