దూరం పెరిగింది, టైం తగ్గింది

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి గ్లోబు మీద దారం బిగించి కొలిస్తే సుమారు 12,400 కిలోమీటర్లు వస్తుంది. ఆ దారం సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా ఎక్కి, అలాస్కా మీదుగా కిందికి దిగుతుంది. అయితే ఎయిరిండియా 2015 డిసెంబరులో ఈ సర్వీసు మొదలుపెట్టినప్పుడు విమానం పడమరగా, అట్లాంటిక్ దాటి, దాదాపు 13,900 కిలోమీటర్లు తిరిగి వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పుకి, పసిఫిక్ మీదికి మళ్లించారు. దూరం 15,300 కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది.

దీనికంతటికీ కారణం గాలే. భూమధ్యరేఖ దగ్గర వేడికీ, ధ్రువాల దగ్గర చలికీ ఉన్న తేడా వల్ల పైన గాలి కదులుతుంది. భూమి తిరగడం వల్ల ఆ గాలి తూర్పుకి మళ్లుతుంది. తొమ్మిది, పది కిలోమీటర్ల ఎత్తున, సరిగ్గా విమానాలు ఎగిరే చోటే, అది పడమర నుంచి తూర్పుకి ఏరులా పారుతుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దీని జోరు ఇంకా ఎక్కువ.

ఒక చిన్న లెక్క వేద్దాం. విమానం తన చుట్టూ ఉన్న గాలిలో గంటకు 900 కిలోమీటర్లు పోతుందనుకుందాం. గంటకు 130 కిలోమీటర్ల గాలి వెనక నుంచి తోస్తే నేల మీద లెక్కకు అది 1,030 అవుతుంది. అదే గాలి ఎదురైతే 770కి పడిపోతుంది. దారంతా అదే గాలి ఉంటే 14,000 కిలోమీటర్లకు మొదటి లెక్కన పదమూడున్నర గంటలు చాలు, రెండో లెక్కన పద్దెనిమిది దాటుతుంది. ఇంధనం ఖర్చూ అలాగే పెరుగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తిరిగొచ్చే విమానం అట్లాంటిక్ దాటి వచ్చింది కాబట్టి రానూ పోనూ తూర్పుకే ఎగిరి, భూమిని ఒక చుట్టు చుట్టేసింది. నాకు ఈ సర్వీసులో అన్నిటికన్నా నచ్చే సంగతి ఇదే.

టికెట్ మీద టైం చూసి మోసపోకూడదు. అక్టోబరులో ఢిల్లీలో తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కితే, పద్నాలుగున్నర గంటలు ఎగిరాక అక్కడ దిగేది అదే రోజు ఉదయం 6 గంటలకు. ఆ నెలలో రెండు చోట్ల గడియారాలకూ పన్నెండున్నర గంటల తేడా ఉంటుంది. గుంటూరు నుంచో, కరీంనగర్ నుంచో శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న పిల్లల దగ్గరికి బయల్దేరే పెద్దవాళ్లకు ఇది ముఖ్యం. షుగరు మాత్రలకు, ఇన్సులిన్‌కు టికెట్ మీది గంటలు కాదు, గడిచే గంటలే లెక్క. ఏది ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

గాలిని ముందే అంచనా వేసి దారి మార్చుకోవచ్చు. గగనతలం మూసేస్తే అలా కుదరదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన గగనతలం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలు దక్షిణం వైపు చుట్టు తిరగాల్సి వచ్చింది, కొన్ని ఉత్తర అమెరికా సర్వీసులు ఇంధనం కోసం మధ్యలో యూరప్‌లో దిగాయి. ఊళ్ల మధ్య దూరం ఒక్క అంగుళం కూడా మారలేదు. ప్రయాణికులు మాత్రం గంటల కొద్దీ ఎక్కువ కూర్చున్నారు.